ధ్యానం నేర్చుకుందాం – నాలుగో పాఠం: ఒళ్లు చెప్పేది వినడం

మొదటి మూడు పాఠాల్లో నిటారుగా కూర్చోవడం, శ్వాసను గమనించడం, మనసు పక్కకు పోయినప్పుడు మళ్లీ శ్వాస దగ్గరికి తెచ్చుకోవడం చూశాం. అవి ఇంకా సరిగ్గా కుదరకపోయినా ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. శ్వాస మీద మనసు నిలవక విసుగెత్తినవాళ్లకు నిజానికి ఇదే తేలిక. ఇక్కడ మనసును ఒక్కచోట కట్టేయనక్కర్లేదు, పాదాల నుంచి తల దాకా నెమ్మదిగా నడిపిస్తాం.

ఒడిశాలోని బరంపురం పట్టు మగ్గాల వీధుల్లో ధ్యానం మాట ఎత్తితే తరచూ వచ్చే జవాబు ఒకటుంది. "మాకు టెన్షన్లు ఏటుంటాయండీ, ఒళ్లు నొప్పులే." పర్లాకిమిడి, గుణుపురం వైపు పొలం పనులకు వెళ్లేవాళ్లూ ఇదే అంటారు. ఈ మాటలో చాలా నిజం ఉంది. అందుకే ఈ పాఠాన్ని నొప్పి దగ్గరే మొదలుపెడదాం.

గుంటమగ్గం మీద కూర్చున్న మనిషిని ఒకసారి పక్కనుంచి చూడండి. కాళ్లు గుంటలో ఉంటాయి, తల బట్ట మీదకు వంగి ఉంటుంది. ఒక చెయ్యి నాడె (అడ్డదారాన్ని అటూ ఇటూ మోసే పనిముట్టు) తాడు లాగుతుంటే ఇంకో చెయ్యి పేకను, అంటే ఆ అడ్డదారాన్ని, దగ్గరికి కొడుతుంటుంది. పొద్దున్నుంచి ఇదే పని. మధ్యాహ్నానికి భుజాలు చెవుల వైపు కొద్దిగా లేచి ఉంటాయి, ఆ సంగతి మనిషికి తెలియదు. మగ్గం దిగి, అన్నం తిని, పడుకున్నా అవి పూర్తిగా దిగవు. కుడిచేతి వేళ్లు తాడు పట్టుకున్నట్టే కాస్త ముడుచుకుని ఉంటాయి. ఆ రాత్రి సూరత్‌లో పవర్‌లూమ్ పనికి వెళ్లిన కొడుకు దగ్గర్నుంచి ఫోన్ రాలేదనుకోండి, ఆ కంగారుకు బిగిసేది కూడా ఆ మెడ, ఆ భుజాలే. పనివల్ల వచ్చిన బిగువు మీద దిగులువల్ల వచ్చిన బిగువు ఎక్కి కూర్చుంటుంది. తెల్లారేసరికి ఏది దేనివల్ల వచ్చిందో విడదీయలేం.

దీనికి కారణం మన నాడీవ్యవస్థలో ఉంది. భయం గానీ కంగారు గానీ కలిగినప్పుడు సింపథెటిక్ అనే భాగం చురుకవుతుంది. అడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండలు బిగుస్తాయి. పరుగెత్తడానికో తలపడడానికో శరీరం చేసుకునే ఏర్పాటు అది. ఆపద దాటాక పారాసింపథెటిక్ అనే రెండో భాగం అన్నిటినీ మళ్లీ మామూలు స్థితికి తెస్తుంది. అందులో ముఖ్యమైనది మెదడు కింది భాగం నుంచి గుండెకూ, పేగులకూ వెళ్లే వేగస్ నాడి. అప్పులు, పిల్లల పరీక్షలు, రాని ఫోన్లు లాంటివి ఒక్క రోజులో తీరే ఆపదలు కావు కాబట్టి మొదటి భాగం పనిచేస్తూనే ఉంటుంది, రెండోదానికి వంతు రాదు.

ఆ వంతును మనమే ఇప్పించవచ్చు. ఇది నమ్మమని చెప్పను, మీరే చూడండి. ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపు, కుడిచేతి రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి తీసుకోండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నాలుగైదు శ్వాసలు అలా గడిచాక, గాలి తీసుకునేటప్పుడు నాడి కొంచెం తొందరగా, వదిలేటప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకోవడం చాలామందికి వేలికి తెలుస్తుంది. వయసు పైబడేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది కాబట్టి వయసు మళ్లినవాళ్లకు తెలియకపోతే కంగారు పడొద్దు. ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్ల శ్వాస నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు ఆడుతుంది. సెకనుకో అంకె చొప్పున నాలుగు, ఆరు లెక్కతో అది 6 అవుతుంది. వదిలే శ్వాస పొడుగైనకొద్దీ వేగస్ నాడి పని పెరుగుతుంది.

ఇక సాధన. చాప మీద వెల్లకిలా పడుకోండి, లేదా గోడకు ఆనుకుని కూర్చోండి. పదిహేను నిమిషాలు మిమ్మల్ని ఎవరూ పిలవని వేళ చూసుకోండి. మగ్గం ఆపాక భోజనానికి ముందు దొరికే సమయం అన్నిటికంటే మంచిదని నా అభిప్రాయం. ఎండాకాలంలో పఖాళ (నీళ్లు పోసిన చద్దన్నం) తిన్న వెంటనే కూర్చుంటే కునుకు తప్పదు. నిద్ర పట్టనివాళ్లు రాత్రిపూట పక్క మీద చేసుకుంటే మంచిదే, అయితే నేర్చుకునే రోజుల్లో మెలకువగా ఉండే వేళ కూడా ఒకటి ఉండాలి.

కళ్లు మూసుకుని నాలుగు, ఆరు లెక్కతో కొన్ని శ్వాసలు తీసుకోండి. తరవాత లెక్క వదిలేయండి. మనసును ఎడమకాలి వేళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ ఏం తెలుస్తోంది? వెచ్చదనం, దురద, చీర అంచు తగలడం, చాప గీతలు ఒత్తుకోవడం, ఏదైనా కావచ్చు. ఏమీ తెలియకపోతే ఏమీ తెలియడం లేదని గమనించండి, అదీ సాధనే. రెండు మూడు శ్వాసల తరవాత అరికాలికి, మడమకు, పిక్కకు, మోకాలికి, తొడకు రండి. అలాగే కుడికాలు. తరవాత నడుము, పొట్ట. పొట్టను లోపలికి బిగబట్టి ఉంచడం చాలామందికి తెలియకుండా అలవాటైపోయింది, దాన్ని వదిలి శ్వాసతో పాటు లేచి పడనివ్వండి. వీపు, చేతులు, వేళ్లు చూసుకుంటూ పైకి రండి.

భుజాల దగ్గర తొందరపడొద్దు. "బుజాలు దించమంటే ఎక్కడికి దించుతామండీ, ఇవెప్పుడూ ఇక్కడే ఉంటాయి కదా" అని ఒక మగ్గం మీది పెద్దావిడ నన్ను అడిగారు. చాలా సరైన ప్రశ్న. బిగువు అలవాటైపోతే బిగువులాగే తెలియదు. అందుకని ముందు ఇంకా బిగించాలి. గాలి తీసుకుంటూ భుజాలను చెవుల దాకా లేపండి, అయిదు లెక్కపెట్టండి, గాలి వదులుతూ ఒక్కసారిగా వదిలేయండి. మూడుసార్లు చేస్తే ఆ రెంటికీ తేడా తెలుస్తుంది. చివరిగా దవడ. పై పళ్లు, కింది పళ్లు తగులుతున్నాయా? నాలుక అంగిలికి నొక్కుకుని ఉందా? ముఖం, నుదురు, నడినెత్తి చూసుకుంటే ఒక చుట్టు పూర్తయినట్టే.

నొప్పి ఉన్నచోటికి వచ్చినప్పుడు దాటేయాలనిపిస్తుంది. దాటకుండా దగ్గర్నుంచి చూడండి. అది మంటా, గుంజుడా, పోటా? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది? ఒకే తీరుగా ఉందా, పెరిగి తగ్గుతోందా? అలా చూస్తుండగానే "ఇలాగైతే రేపు మగ్గం ఎలా ఎక్కాలి" అనే ఆలోచన వస్తుంది. నొప్పి వేరు, ఆ దిగులు వేరు. దిగులు వచ్చిందని గుర్తించి మళ్లీ నొప్పి దగ్గరికి రండి. నొప్పి పోకపోవచ్చు, దాని చుట్టూ మనం బిగబట్టుకున్న కండలు మాత్రం కొంత వదులవుతాయి. పోటు ఎక్కువైతే పక్కకు తిరగండి, ఓర్చుకోవడంలో గొప్పేమీ లేదు.

ఈ పద్ధతి మనకు మరీ కొత్తదేం కాదు. మన తాతల కాలంలో గోపాలపురం రేవు నుంచి ఓడలెక్కి కూలికి రంగూన్ వెళ్లినవాళ్లు ఈ ప్రాంతంలో ఎందరో. అదే రంగూన్‌లో ప్రభుత్వ లెక్కల శాఖలో పెద్ద ఉద్యోగం చేసిన ఊ బా ఖిన్, ఒంటిమీద తెలిసేదాన్ని తల నుంచి పాదాల దాకా గమనించే విపస్సనను గృహస్థులకు నేర్పారు. తీవ్రమైన మైగ్రేన్‌తో బాధపడుతూ 1955లో ఆయన దగ్గరికి వెళ్లిన వ్యాపారి ఎస్.ఎన్. గోయెంకా. ఆయనే 1969లో భారతదేశానికి వచ్చి బోధన మొదలుపెట్టారు, మహారాష్ట్రలోని ఇగత్‌పురి ఆయన కేంద్రమైంది. అమెరికాలో జాన్ కబాట్ జిన్ 1979లో ఇలాంటి సాధనను మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆసుపత్రిలో, మామూలు వైద్యంతో నొప్పి తగ్గని రోగులకు కొన్ని వారాల శిక్షణగా అందించారు. ఆ శిక్షణ మీద 2016లో వచ్చిన ఒక పరిశోధనలో దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 342 మంది పాల్గొన్నారు. ఆరు నెలల తరవాత, శిక్షణ తీసుకున్నవాళ్లలో సుమారు 61 శాతం మందికి రోజువారీ పనులు చెప్పుకోదగ్గంత తేలికయ్యాయి. మామూలు వైద్యం మాత్రమే తీసుకున్నవాళ్లలో అది 44 శాతం. అంటే మేలు ఉంది, అందరికీ లేదు.

బీపీకీ అంతే. ధ్యానంతో కొంత తగ్గవచ్చు. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా మానకూడదు. నడుంనొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా చాప మీద పడుకుని గమనించే పని పెట్టుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో సంగతి మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ రాత్రులు చూసినవాళ్లలో కొందరికి ఇప్పటికీ అక్టోబరులో గాలి చప్పుడు పెరిగితే గుండె దడ, అరచేతుల్లో చెమట. వీళ్లు కళ్లు మూసుకుని ఒంటిలోకి చూడబోతే ఆ రాత్రే మళ్లీ ఎదురుగా నిలబడవచ్చు. మీరు అలాంటివారైతే పడుకోవద్దు, కళ్లు మూయొద్దు. కుర్చీలో కూర్చుని రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించండి. గదిలో కనిపించే వస్తువుల పేర్లు ఒక్కొక్కటే అనుకోండి. అరికాళ్ల కింద నేల చల్లదనాన్ని మాత్రం గమనించండి, అంతకన్నా పైకి రావొద్దు. అప్పటికీ దడ పెరుగుతుంటే ఆపేయండి, ఇందులో మీ లోపం ఏమీ లేదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్లడానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. విరిగిన చేతికి కట్టు కట్టించుకోవడానికి వెళ్లడం లేదా?

ఈ వారం రోజుకొక చుట్టు చాలు. దానితో పాటు పని మధ్యలో, పేక కండె మార్చడానికి ఆగిన ప్రతిసారీ, భుజాలు ఎక్కడున్నాయో ఒక్క శ్వాససేపు చూసుకోండి. లేచి ఉంటే దించండి, మళ్లీ పనిలో పడండి. పదిహేను నిమిషాల సాధనకంటే దీనివల్లే తొందరగా మార్పు కనిపిస్తుందని నా నమ్మకం. పొలం పనివాళ్లు గట్టు మీద ఆగినప్పుడూ, ఇంటి పనిలో ఉన్నవాళ్లు పొయ్యి దగ్గర నిలబడినప్పుడూ ఇలాగే చేసుకోవచ్చు.

వచ్చే పాఠం నడుస్తూ చేసే ధ్యానం. ఇంట్లోనో డాబా మీదో చెప్పుల్లేకుండా పదడుగులు అటూ ఇటూ నడవగలిగే చోటు ఒకటి ఈలోగా చూసి పెట్టుకోండి.