కలిసి నిర్ణయించడం – మూడవ పాఠం: అడగడానికి ముందు హద్దు చెప్పడం

గత పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. మీ విభాగంలో నెల రోజుల్లో జరిగిన పది నిర్ణయాలను కాగితం మీద రాసి, ఒక్కొక్కదాని ఎదుట దాన్ని ఎవరు తీసుకున్నారో, ఎవరిని అడిగి తీసుకున్నారో రాయమన్నాను. ఆ పని నిజాయితీగా చేసినవారికి మొదటి గడి తేలికగానే నిండి ఉంటుంది. రెండవ గడి దగ్గర కలం ఆగి ఉంటుంది. అదే కాగితాన్ని మీ పై అధికారి చేత ఒకసారి, మీ కింద పనిచేసేవారి చేత ఒకసారి నింపించి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. "అడిగాం" అని ఒకరు రాసిన చోటనే "చెప్పారు" అని ఇంకొకరు రాస్తారు. ఈ రెండు మాటల మధ్య ఉన్న ఎడం ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని ఎలా తగ్గించవచ్చో ఈ పాఠంలో చూద్దాం.

ఐదు మెట్లు

విక్టర్ వ్రూమ్, ఫిలిప్ యెట్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1973లో, అధికారి నిర్ణయం తీసుకునే పద్ధతులను ఐదుగా విడదీసి చూపించారు. మొదటిదానిలో అధికారి తన దగ్గరున్న సమాచారంతో తానే తేల్చేస్తాడు. రెండవదానిలో కావలసిన వివరాలను ఉద్యోగుల దగ్గర సేకరిస్తాడు, ఎందుకు సేకరిస్తున్నాడో చెప్పినా చెప్పకపోయినా తేల్చేది తానే. మూడవదానిలో సమస్యను ఒక్కొక్కరికి విడివిడిగా వివరించి అభిప్రాయం తీసుకుంటాడు. నాలుగవదానిలో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అదే పని చేస్తాడు. ఈ రెండింటిలోనూ చివరి మాట అతనిదే. ఐదవదానిలో నిర్ణయం బృందానిది: అధికారి చర్చను నడుపుతాడు, తన పరిష్కారాన్ని రుద్దడు, అందరూ ఒప్పుకున్నదాన్ని అమలు చేస్తాడు.

ఐదవ మెట్టు ఎప్పుడూ గొప్పదని గాని, మొదటి మెట్టు ఎప్పుడూ చెడ్డదని గాని వారు అనలేదు. గ్యాసు లీకవుతున్నప్పుడు ఏ తలుపు తెరవాలో చేతులెత్తించి తేల్చుకోలేం. ఏ సందర్భానికి ఏ మెట్టు సరిపోతుందో తేల్చుకోవడానికి వారు వేసుకోమన్న ప్రశ్నలలో మూడింటిని గుర్తుంచుకుంటే మన పనికి చాలు. సరైన నిర్ణయానికి కావలసిన సమాచారమంతా నా దగ్గర ఉందా? నేనొక్కడినే తేల్చిన దాన్ని అమలు చేయవలసినవారు మనస్ఫూర్తిగా అమలు చేస్తారా? ఈ విషయంలో సంస్థ మేలూ వారి మేలూ ఒకే దారిన ఉన్నాయా? మొదటి రెండింటిలో దేనికైనా "లేదు" అనే జవాబు వస్తే మెట్లు ఎక్కవలసిందే. మూడవదానికి "లేదు" అని వస్తే మాత్రం ఐదవ మెట్టు దాకా పోకుండా నాలుగవదాని దగ్గర ఆగమని వారి సూచన. ఈ చివరి సూచనతో నాకు పూర్తి ఏకీభావం లేదు. మేలు ఒకటి కాదని తేల్చేది కూడా ఆ అధికారే కాబట్టి, తనకు ఇష్టం లేని చర్చను తప్పించుకోవడానికి అది సులువైన సాకు అవుతుంది. ప్రయోజనాలు నిజంగా వేరైనప్పుడు చేయవలసింది బేరసారం, అందుకు యూనియన్ ఉంది. దాని సంగతి తరువాతి పాఠాలలో వస్తుంది.

మెట్టు ఎంచుకోవడం సగం పని మాత్రమే. ఎంచుకున్న మెట్టు ఏదో అడగబోయే ముందే ఉద్యోగులకు చెప్పడం మిగిలిన సగం, చాలామంది వదిలేసేది కూడా అదే. మనసులో రెండవ మెట్టు పెట్టుకుని నోటితో ఐదవ మెట్టు మాట్లాడితే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను.

నోటీసు మీద తేదీ

ఒక ప్యాకింగ్ విభాగానికి సూపర్‌వైజరుగా ఉన్న రోజుల్లో, పగటి షిఫ్టు మొదలయ్యే సమయాన్ని ఆరు గంటల నుంచి ఏడు గంటలకు మార్చాలన్న ఆదేశం పైనుంచి వచ్చింది. రాత్రి షిఫ్టు ఆరింటికే దిగిపోతుంది, మధ్యలో ఒక గంట విభాగం ఖాళీగా ఉంటుంది. నేను పన్నెండు మందిని కూర్చోబెట్టి, విషయం చెప్పి, "మీ అభిప్రాయం చెప్పండి" అన్నాను. ఎవరూ నోరు విప్పలేదు. చివరికి అందరికంటే పెద్దాయన "మీరెలా అంటే అలాగేనండి" అన్నాడు. నేను దాన్ని అంగీకారంగా మినిట్స్‌లో రాసుకున్నాను. మర్నాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు పెట్టించాను. దాని మీద మా సమావేశానికి రెండు రోజుల ముందు తేదీ ఉందని నేను చూసుకోలేదు, వాళ్ళు చూశారు.

కొత్త సమయం అమలైన మొదటి వారంలోనే, ప్రతి పొద్దునా మొదటి నలభై నిమిషాల ప్యాకెట్లు సరిగా అతుక్కోకుండా పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ ఖాళీ గంటలో సీలింగ్ యంత్రం చల్లబడిపోతోంది, తిరిగి వేడెక్కడానికి అంతసేపు పడుతోంది. ఈ సంగతి యంత్రం నడిపే అతనికి ముందే తెలుసు. మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఒప్పుకుంటారా అని అడిగారు గానీ, ఏమవుతుందని అడగలేదు గదండీ" అన్నాడు.

ఆ తరువాత మూడు నెలలపాటు నేను పెట్టిన ఏ సమావేశంలోనూ ఎవరూ పెదవి విప్పలేదు. నిజానికి ఆ మొదటి రోజున నేను చెప్పవలసిన మాట ఇది: "షిఫ్టు ఏడింటికి మొదలవడం ఖాయమైపోయింది, దాన్ని మార్చే అధికారం నాకు లేదు. ఆ ఖాళీ గంటను ఎలా నింపాలి, అప్పగింతలు ఎలా జరగాలి, ఎవరు ముందు రావాలి అనేవి ఇంకా తేలలేదు. వాటిని మీతో కలిసి తేల్చాలనుకుంటున్నాను." ఇందులో మూడు భాగాలున్నాయి. ఏది తేలిపోయిందో చెప్పడం మొదటిది, ఏది తేలలేదో చెప్పడం రెండవది, తేలనిదానిలో వారికి ఎంత వాటా ఉందో చెప్పడం మూడవది. మొదటి భాగం చెప్పడానికి నోరు రాదు, ఎందుకంటే అది మన చేతకానితనాన్ని బయటపెడుతున్నట్లు అనిపిస్తుంది. కానీ చేదుగా ఉన్నా అది వినగలిగినవారే మిగిలిన రెండు భాగాలనూ నమ్ముతారు.

పైజామాల కర్మాగారంలో చూసింది

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, మేరియన్ అనే ఊళ్ళో హార్వుడ్ అనే పైజామాల తయారీ సంస్థ ఉండేది. పని పద్ధతి మారినప్పుడల్లా అక్కడి కార్మికుల ఉత్పత్తి పడిపోయేది, కొందరు పని మానేసి వెళ్ళిపోయేవారు. లెస్టర్ కాచ్, జాన్ ఫ్రెంచ్ అక్కడ ఒక ప్రయోగం చేసి 1948లో ఫలితాలు ప్రచురించారు. ఒక బృందానికి మార్పును వివరించి, ప్రశ్నలకు జవాబులు చెప్పి అమలు చేశారు. ఇంకొక బృందం తన ప్రతినిధుల ద్వారా కొత్త పద్ధతిని రూపొందించడంలో పాలుపంచుకుంది. మరి రెండు చిన్న బృందాలలో ప్రతి ఒక్కరూ పాల్గొన్నారు. వివరించి వదిలేసిన బృందంలో ఉత్పత్తి దాదాపు కోలుకోలేదు, మొదటి 40 రోజుల్లో 17 శాతం మంది పని మానేశారు. అందరూ పాల్గొన్న బృందాలు త్వరగా కోలుకోవడమే కాక మునుపటికంటే సుమారు 14 శాతం ఎక్కువ ఉత్పత్తి చేశాయి. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే భాగం దీని తరువాతది. మొదటి బృందంలో మిగిలినవారినే రెండున్నర నెలల తరువాత మరొక కొత్త పనికి మారుస్తూ, ఈసారి అందరినీ పాల్గొననిచ్చారు. అప్పుడు వాళ్ళూ త్వరగానే కోలుకున్నారు. అంటే లోపం మనుషులలో లేదు.

అయితే ఇది చదివి, అడిగితే చాలు ఉత్పత్తి పెరుగుతుందని అనుకోవద్దు. ఇటువంటి ప్రయోగమే నార్వేలోని ఒక పాదరక్షల కర్మాగారంలో ఫ్రెంచ్ మరికొందరితో కలిసి చేసి 1960లో ప్రచురించారు. అక్కడ ఉత్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పాల్గొననిచ్చిన విషయాలు కార్మికులకు అంత ముఖ్యమైనవి కావన్నది వారు చూపిన కారణాలలో ఒకటి. గోడకు ఏ రంగు వేయాలో మాత్రం అడిగి, ఆ గోడ మధ్య ఎన్ని గంటలు నిలబడాలో అడగకపోతే, వచ్చినవారు మర్యాదకు జవాబు చెప్పి వెళ్ళిపోతారు.

హద్దు చెప్పడం అధికారి మంచితనానికి వదిలేయవలసిన పని కాదని జర్మనీ చట్టం చూస్తే తెలుస్తుంది. 1952లో వచ్చి, 1972లో పెద్ద ఎత్తున మారిన అక్కడి చట్టం ప్రకారం, కనీసం 5 మంది శాశ్వత ఉద్యోగులున్న పనిచోట ఉద్యోగులు తమ మండలిని ఎన్నుకోవచ్చు. ఆ మండలికి అన్ని విషయాలలోనూ ఒకే అధికారం ఉండదు. 100 మందికి మించిన సంస్థలలో ఆర్థిక స్థితిగతుల మీద మండలి నియమించిన సంఘానికి సమాచారం ఇచ్చి, దానితో చర్చించాలి, అంతవరకే. ఒకరిని ఉద్యోగం నుంచి తీసేసే ముందు మండలి మాట వినాలి. వినకుండా తీసేస్తే ఆ తొలగింపు చెల్లదు, విన్న తరువాత మాత్రం మండలి ఒప్పుకోకపోయినా యాజమాన్యం తీసేయవచ్చు. రోజువారీ పని ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగియాలి, విరామాలు ఎప్పుడు అనే విషయాలలో మండలి ఒప్పుకోకపోతే ముందుకు పోవడానికి లేదు. రాజీ కుదరకపోతే ఇరుపక్షాల సభ్యులూ ఒక తటస్థ అధ్యక్షుడూ ఉన్న వేరొక రాజీ సంఘం తేలుస్తుంది. నా విభాగంలోని షిఫ్టు మార్పు అక్కడైతే ఈ చివరి కోవలోకి వచ్చేది. ఒకే చట్టం ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క మెట్టు కేటాయించి, దాన్ని ముందే అందరికీ తెలిసేలా రాసిపెట్టింది. 1976లో వచ్చిన మరొక చట్టం, 2000 మందికి మించిన ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు ఉద్యోగుల పక్షానికి ఇచ్చింది గాని, ఓట్లు సమానమై ప్రతిష్టంభన ఏర్పడితే అధ్యక్షుడికి రెండవ ఓటు ఉంటుందని కూడా అందులోనే రాసింది. ఆ అధ్యక్షుడు మామూలుగా వాటాదారుల పక్షం మనిషే. సగం అంటే ఎంత సగమో అక్కడ ఎవరూ దాచలేదు.

అడిగే తీరు, తిరిగి చెప్పే తీరు

హద్దు చెప్పిన తరువాత ప్రశ్న అడగాలి. "మీ అభిప్రాయం ఏమిటి?" అన్నది బద్ధకపు ప్రశ్న, దానికి "అలాగేనండి", "మీ ఇష్టమండి" అనే జవాబులే వస్తాయి, ఆ మాటలకు ఒప్పుకున్నామనీ ఒప్పుకోలేదనీ రెండర్థాలూ ఉన్నాయి. దాని బదులు పని గురించి అడగండి: "ఏడింటికి మొదలుపెడితే మొదట ఏ పని దెబ్బతింటుంది?" ఈ ప్రశ్న వ్యతిరేకత చూపమని అడగదు, తెలిసింది చెప్పమని అడుగుతుంది. అందుకే అధికారి ముందు ఎదురు చెప్పడానికి జంకేవాళ్ళు కూడా దీనికి జవాబు చెప్తారు. మీరు మొదట మాట్లాడకండి, సీనియర్లను మొదట అడగకండి. కొత్తగా చేరినవారితో మొదలుపెట్టి పైకి రండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోయినా ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపకండి.

వచ్చిన ప్రతి సూచననూ చెప్పినవారి మాటల్లోనే రాసుకుని, ఒక వారంలోగా తిరిగి జవాబు చెప్పాలి. ఒప్పుకున్నవాటి గురించి పెద్దగా చెప్పనక్కరలేదు, పని జరిగితే వాళ్ళకే తెలుస్తుంది. ఒప్పుకోనివాటికే కారణం కావాలి. "పరిశీలనలో ఉంది" అన్న మాటను ఒక్కసారి వాడితే క్షమిస్తారు. రెండవసారి వాడితే మళ్ళీ సూచన రాదు. కారణం మొహమాటం లేకుండా ఉండాలి: "రాత్రి షిఫ్టును ఏడింటి దాకా ఉంచమన్నారు, ఆ గంటకు ఓవర్‌టైమ్ ఇవ్వడానికి అనుమతి రాలేదు." ఈ జవాబు నచ్చకపోవచ్చు, కానీ దాని మీద మళ్ళీ వాదించడానికి వీలుంది, ఎక్కడ వాదించాలో కూడా అది చూపిస్తుంది.

అభ్యాసం

వచ్చే రెండు వారాల్లో మీ పరిధిలోకి వచ్చే ఒక్క నిర్ణయాన్ని ఎంచుకోండి. పెద్దదే కానక్కరలేదు, అయితే దాన్ని అమలు చేసేవారి రోజు మీద దాని ప్రభావం ఉండాలి. పైన చెప్పిన మూడు ప్రశ్నలు వేసుకుని ఏ మెట్టు సరిపోతుందో నిర్ణయించుకోండి. తేలిపోయింది ఏది, తేలనిది ఏది, వారి వాటా ఎంత అన్న మూడు వాక్యాలను సమావేశానికి ముందే రాసుకోండి. ఐదు వాక్యాలు దాటితే మీకే స్పష్టత లేదని గ్రహించి మళ్ళీ రాయండి. మీరు అధికారి కాకపోతే ఇదే అభ్యాసాన్ని తిరగేసి చేయండి: మిమ్మల్ని ఈసారి ఎవరైనా అభిప్రాయం అడిగినప్పుడు, జవాబు చెప్పే ముందు "ఇందులో ఇప్పటికే తేలిపోయింది ఏమిటండీ?" అని అడిగి, వచ్చిన జవాబును అక్షరాలా రాసిపెట్టుకోండి. సమావేశంలో విన్న సూచనలు, మీరిచ్చిన లేదా మీకు వచ్చిన జవాబులు ఉన్న ఆ కాగితాన్ని పారేయకండి. ప్రతినిధులను ఎన్నుకోవడం గురించిన నాలుగవ పాఠాన్ని దానితోనే మొదలుపెడతాం.