జేసీబీ దిగేలోపు గుట్ట మీది మొక్కల్ని తెచ్చుకోవాలంటే

గడ్డపార పట్టుకునే ముందు ఆ మొక్కల్ని ఎక్కడ పెడతారో తేల్చుకోండి. మేం మొదటిసారి హైదరాబాద్ శివారులో తెల్లాపూర్ అవతల ఒక గుట్ట చదును చేస్తున్నారని తెలిసి ఆదివారం పొద్దున్నే పది మందిమి పోయి దొరికినవన్నీ తవ్వుకొచ్చాం, ట్రాలీ ఆటో నిండిపోయింది, ఫొటోలు మస్తు వచ్చాయి, తర్వాత అవన్నీ మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద సంచుల్లోనే ఉండిపోయాయి, రోహిణి కార్తె దాటేసరికి నాలుగు మిగిలాయి, అందులో మూడు నల్లేరే, నల్లేరు ఎలాగూ చావదు. ఇప్పుడు మా రూల్ ఒకటే, స్కూలో గుడో కాలనీ పార్కో, ఏడాది పాటు నీళ్లు పోస్తానని ఒప్పుకున్న మనిషి ఉన్న జాగా దొరికితేనే తవ్వుతాం.

రెండోది పర్మిషన్. జాగా ఓనర్ దగ్గర కాగితం మీద రాయించుకోండి, వాచ్‌మన్ అన్న సరే అన్నాడంటే కుదరదు, మధ్యాహ్నానికి సూపర్‌వైజర్ వచ్చి గోల చేస్తాడు. చెట్ల జోలికి మనం పోవద్దు, వాటిని కొట్టాలన్నా వేరేచోటికి తరలించాలన్నా వాల్టా (నీళ్లు, నేల, చెట్ల రక్షణ) చట్టం ఉంది, ఫారెస్ట్ వాళ్లని అడగాలి. రిజర్వ్ ఫారెస్ట్‌లోంచి అయితే ఆకు కూడా తేవద్దు. ఇంకా కోర్టులో ఉన్న జాగాలకి అసలు పోకండి, కంచ గచ్చిబౌలిలో ప్రభుత్వం చదును చేయించిన 400 ఎకరాల గొడవ తెలుసు కదా, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపించింది, అలాంటి చోట మనం దిగితే మొక్కలు ఎలాగూ తీసేశారు కదా ఇక కట్టుకోవచ్చు అని రేపు ఎవరైనా అంటారు. నిలిచే ఛాన్స్ ఉన్న అడవిని మనమే ఖాళీ చేసినట్టు అవుతుంది.

ఏవి తేవాలో తెలియకపోతే వానాకాలంలో ఒకసారి కేబీఆర్ పార్కులో తిరిగి రండి, బంజారాహిల్స్ గుట్టలు ఒకప్పుడు ఎలా ఉండేవో అక్కడ తెలుస్తుంది (చూడటానికే, తెంపడానికి కాదు). ఫోన్ యాప్‌ని మరీ నమ్మొద్దు, తెలిసిన పెద్దాయన్ని, గొర్లు కాసేవాళ్లని అడిగితే పేరుతో సహా చెప్తారు. లంటానా, సర్కారు తుమ్మ, వయ్యారిభామ ఇవన్నీ బయటనుంచి వచ్చినవే, వదిలేయండి. సీతాఫలం కూడా అమెరికా వైపు నుంచి వచ్చిందే, ఈ మాట మా అమ్మమ్మ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.

ఇక అసలు పని. మృగశిర కార్తె తర్వాత రెండు మూడు మంచి వానలు పడ్డాక మొదలుపెట్టండి, ఎండాకాలంలో మొరం నేల రాయిలా ఉంటుంది, వేరు తెగకుండా రాదు. నిండా పెరిగిన తంగేడు, మోదుగ, జమ్మి పీకడానికి ట్రై చేయకండి, ప్లీజ్, వాటి తల్లివేరు ఎంత లోతుకు పోతుందో తవ్వితే గానీ తెలియదు, సగం తవ్వాక తెగుతుంది, అంతే. వాటికి గింజలే దిక్కు. తంగేడు కాయలు చలికాలంలో ఎండుతాయి, మరిగించి దింపిన నీళ్లలో గింజలేసి రాత్రంతా నాననిచ్చి నాటాలి. మోదుగ కాయలు ఎండాకాలంలో రాలతాయి, దాచుకోకుండా ఆ వానలకే వేసేయండి.

మోకాలి ఎత్తు లోపు మొక్కలైతే కాండానికి జానెడు దూరంలో చుట్టూ తవ్వి, మట్టిగడ్డ విడిపోకుండా కిందనుంచి గడ్డపారతో లేపి, తడి గోనెసంచిలో చుట్టి సుతిలితో కట్టేయండి, ఆకుల్లో మూడోవంతు కత్తిరించేయండి లేదంటే నీళ్లు చాలక వాడిపోతాయి. తిప్పతీగ, నల్లేరు అయితే కణుపు ఉన్న ముక్క చాలు. కుందేటి కొమ్ము (ఆకుల్లేకుండా గుజ్జు కాడలతో ఉండే మొక్క) ముక్క మాత్రం తెచ్చిన వెంటనే నాటొద్దు, రెండు మూడు రోజులు నీడలో కోత ఆరాలి, నాటాక కూడా నీళ్లు ఎక్కువ పోస్తే కుళ్లిపోతుంది, నేను రెండుసార్లు పోసి చంపుకున్నాను.

అడవి నాభి అని ఒక పూలతీగ ఉంది, దానికి టైమింగే కష్టం. పూలు వానాకాలంలో కనిపిస్తాయి, దుంప తవ్వాల్సింది తీగ ఎండిపోయాక చలికాలంలో, అప్పుడేమో నేల మీద ఏమీ కనబడదు. అందుకని పూసినప్పుడే పక్కన కర్ర పాతి రంగు గుడ్డ కట్టి రండి. దుంప నాగలిలా వంగి ఉంటుంది, మొలక వచ్చేది కొస నుంచే, అది విరిగితే ఇక రాదు. మొత్తం విషం, గ్లౌజులు వేసుకోండి, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

చాలామంది మర్చిపోయేది పైమట్టి. వయ్యారిభామ లేని చోట చూసి పైన రెండు అంగుళాల మట్టి గీకి సంచుల్లో నింపుకోండి, గునుగు, విష్ణుక్రాంతి, పేరు తెలియని గడ్డి గింజలు అన్నీ అందులోనే ఉంటాయి, వానల ముందు కొత్త జాగాలో పలచగా పరిస్తే వాటంతటవే మొలుస్తాయి. నన్నడిగితే పది మొక్కలు తవ్వడం కన్నా రెండు సంచుల మట్టి తేవడం మేలు, కాకపోతే ఫొటోకి బాగుండదు.

రాళ్ల కింద చేతులు పెట్టొద్దు, తేళ్లుంటాయి, కట్లపాము రక్తపింజరి కూడా ఉంటాయి. బూట్లు తప్పనిసరి. ఎవరినైనా పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం చేయకుండా కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయండి.

తెచ్చినవాటిని రెండు మూడు వారాలు వేపచెట్టు నీడలోనో గ్రీన్ నెట్ కిందో ఉంచి, వానలు ఆగకముందే నేలలో పెట్టేయండి. మొదట్లో ఆకులన్నీ రాలితే భయపడొద్దు, గోటితో బెరడు గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. మొదళ్ల దగ్గర ఎండుటాకులు పరిచి, ఎండాకాలంలో వారానికి రెండుసార్లు సాయంత్రం నీళ్లు పోయండి. మా వాట్సాప్ గ్రూపులో మొక్కలు తీసుకున్నవాళ్లు నెలకో ఫొటో పెట్టాలి, మే నెల ఫొటో పెట్టనివాళ్లకి వచ్చే వానాకాలం మొక్కలివ్వం.