వానలకు ముందు: ఇంట్లో సాలెపురుగులు, వాటి మీదికి నెట్టే కాట్లు

ముంగారు వాన పడిందంటే చాలు, కాలు కుళ్ళిపోయిన ఫొటో ఒకటి ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తుంది. కింద ‘సాలెపురుగు కరిస్తే ఇంతే’ అని రాసి ఉంటుంది. ఈసారీ వచ్చింది. అందులో చెప్పే బ్రౌన్ రెక్లూజ్ అమెరికా సాలెపురుగు. నల్లగొండ, పాలమూరు ఇళ్ళలో ఉండేది కాదు. ఇక్కడ కాలికి పుండు పడి నల్లబడితే ముందు అనుమానించాల్సింది చీము, షుగరు, లేదంటే రక్తపింజరి పాము కాటు.

ఆ ఫొటో చూసి భయపడటం వల్ల పెద్ద నష్టమేం లేదు. నష్టమంతా రెండో రకం తప్పులో ఉంది. రాత్రి ఏదో కుట్టినట్టయింది, లేచి చూస్తే ఏమీ కనబడలేదు, ‘సాలెపురుగే అయ్యుంటది’ అని తేల్చేసి మళ్ళీ పడుకుంటారు. మనుషులు పోయేది ఇక్కడే.

ముందు ఇంట్లో ఉండేవి ఏవో చూద్దాం.

అర్ర మూలల్లో, దూలాల కింద, సన్నటి పొడుగు కాళ్ళతో తలకిందులుగా వేలాడేది బూజు సాలెపురుగు. ముట్టుకుంటే ఒళ్ళంతా గిరగిరా ఊపుతుంది. ఆడది గుడ్ల ముద్దను నోట కరుచుకుని తిరుగుతుంది. దోమలు దాని తిండిలో భాగం. మనిషికి ఏ హానీ లేదు.

కిటికీ దగ్గర, గోడల మీద గంతులేస్తూ, మనం కదిలితే తిరిగి మనవైపే చూసే బుల్లిది దూకుడు సాలెపురుగు. గూడు కట్టి వేటాడదు, ఈగల మీదికి దూకి పట్టుకుంటుంది. దీన్ని చంపడానికి ఒక్క కారణం కూడా లేదు.

అరచేయంత వెడల్పున, గోధుమరంగులో, గోడకు అతుక్కున్నట్టు చదునుగా ఉండేదే అందరినీ కేక పెట్టించేది. బాత్‌రూంలో, గ్యాస్ బండ వెనక, తలుపు వెనక రాత్రిపూట కనిపిస్తుంది. ఇది కూడా గూడు కట్టదు. బొద్దింకలను తింటుంది. ఆడదైతే పొట్ట కింద తెల్లటి గుండ్రటి గుడ్ల సంచి పట్టుకుని ఉంటుంది. చేత్తో నొక్కితే కరుస్తుంది, కొంచెం నొప్పి, వాపు, అంతే. చీపురుతో కొట్టకండి. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా దాని మీద బోర్లించి, కింద నుంచి పాత పెళ్ళి పత్రిక దూర్చి, దొడ్లో వదిలేయండి.

కాస్త జాగ్రత్త పడాల్సింది ఒకటే. బఠానీ గింజంత గుండ్రటి పొట్ట, దాని కింద నారింజ రంగులో డమరుకం లాంటి మచ్చ, పక్కనే ముళ్ళ బొడిపెలున్న గుడ్ల సంచి ఉంటే అది బ్రౌన్ విడో. మన దేశంలో ఉంది. ప్లాస్టిక్ కుర్చీల అడుగున, బోర్లించిన కుండల్లో, పైపుల నోట్లో చిక్కుచిక్కుగా, గట్టి దారాలతో అల్లుకుంటుంది. సామాన్యంగా మనిషి మీదికి రాదు. చేయి పెట్టి నొక్కితేనే కరుస్తుంది. కరిచిన చోట నొప్పి, ఎప్పుడో ఒకసారి కండరాలు పట్టేయడం, చెమటలు. అవి కనిపిస్తే ఆసుపత్రికి వెళ్ళాలి.

అమ్రాబాద్, నల్లమల అంచు ఊళ్ళలో చెట్టు తొర్రల్లో ఉండే పెద్ద బొచ్చు సాలెపురుగులు వేరే జాతి. కరిస్తే రోజుల తరబడి కండరాల నొప్పులు రావచ్చు. తొర్రలో చేయి పెట్టకపోతే వాటితో మనకు పనే పడదు.

ఇప్పుడు అసలు సంగతి. కట్లపాము రాత్రి ఇళ్ళలోకి వస్తుంది, షాబాద్ బండల మీద చాప వేసుకుని పడుకున్నవాళ్ళను కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, పంటి గాటు భూతద్దం పెట్టినా దొరకదు. చీమ కుట్టినట్టు అనిపించొచ్చు, అదీ అనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపులో నొప్పి, వాంతి వస్తే గ్యాస్ అనుకుని గోళీ వేస్తారు. తర్వాత రెప్పలు వాలిపోతాయి. ఇంట్లోవాళ్ళు ‘నిద్ర చాలలేదు’ అంటారు. మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి ఆడదు. లక్షణాలు మొదలవడానికే కొన్ని గంటలు పట్టవచ్చు కాబట్టి పొద్దున దాకా బాగానే ఉన్నాడనేది లెక్కలోకి రాదు. కళ్ళతో చూడని పురుగును సాలెపురుగు అనకండి.

ఆసుపత్రిలో రక్తం గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు ఉంచి గడ్డ కడుతుందో లేదో చూస్తారు. అది పింజరి విషానికి పరీక్ష. కట్లపాము కాటులో రక్తం మామూలుగానే గడ్డ కడుతుంది. ‘టెస్టు మంచిగుంది’ అని ఇంటికి బయల్దేరొద్దు, 24 గంటలు అక్కడే ఉంచమనండి. పాముకాటు సూది పీహెచ్‌సీలోనూ వేస్తారు, కానీ ఊపిరి ఆగితే వెంటిలేటర్ కావాలి. దేవరకొండ, అచ్చంపేట వైపు లోపలి ఊళ్ళవాళ్ళు ఆ దూరం ముందే లెక్కేసుకుని కదలాలి.

తేలు విషయంలోనూ ఇదే తప్పు. పెద్ద నల్ల తేలు కంటే చిన్న ఎర్ర తేలుతోనే ప్రమాదం. కుట్టాక పిల్లవాడికి చెమటలు పట్టి చేతులు కాళ్ళు చల్లబడితే గుండె మీద దెబ్బ పడుతోందని అర్థం. దానికి ప్రాజోసిన్ గోళీ ఉంది, మహారాష్ట్రలోని మహాడ్ డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1986లోనే దాని సంగతి రాశారు. మంత్రం వేయించే గంటలో ఆ గోళీ పడాలి.

సాలెపురుగు ఉచ్చ పోసిందనే బొబ్బలు కూడా సాలెపురుగువి కావు. వానలప్పుడు ట్యూబ్‌లైటుకు వచ్చే సన్నటి ఎర్ర నల్ల పురుగును మెడ మీద నలిపేస్తే మర్నాడు గీత గీసినట్టు కాలుతుంది. అది పాకితే ఊదేయండి, నలపకండి, సబ్బుతో కడగండి. బొబ్బలు నడుముకో ఛాతీకో ఒకే పక్కన, ముందు మంట పెట్టి వస్తే సర్పి. బొబ్బలు లేచిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. పసరు పూస్తూ కూర్చుంటే ఆ గడువు పోతుంది.

ఇక వరసగా:

నేల మీద పడుకోవద్దు. మంచం లేకపోతే దోమతెర కట్టి, అంచులు చుట్టూ పరుపు కిందికి దోపండి. ఊరికే వేలాడేస్తే లాభం లేదు.

బూజు దులిపేటప్పుడు ఫ్యాన్ ఆపి, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. కర్రకు తడి గుడ్డ చుట్టండి.

పత్తి కట్టె, పిడకలు ఇంటి గోడకు ఆనించి పేర్చొద్దు. తీసేటప్పుడు ముందు కర్రతో కదపండి.

బోరు స్టార్టర్ డబ్బా తెరిచి చీకట్లో చేయి పెట్టొద్దు.

చెప్పులు, బూట్లు దులపండి. రోజూ.

పత్తి మందు ఇంట్లో కొట్టొద్దు. సాలెపురుగుల కంటే ముందు పిల్లలకు తగులుతుంది.

సాలెపురుగులు ఎక్కువైతే వాకిట్లో తెల్ల లైటు తీసి పసుపు బల్బు పెట్టండి. పురుగులు తగ్గితే అవీ తగ్గుతాయి.

సాలెపురుగు కరవడం కళ్ళారా చూస్తే సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టండి. దాని ఫొటో తీయండి. ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి.

కోయొద్దు. కట్టొద్దు. నోటితో పీల్చొద్దు.

చూడలేదా? అయితే సాలెపురుగు అనుకోవద్దు.

108కి ఫోన్ చేసినప్పుడు ‘సాలెపురుగు కుట్టింది’ అని చెప్పొద్దు. ‘ఏం కరిచిందో తెలియదు, రాత్రి కింద పడుకున్నడు, ఇప్పుడు రెప్పలు ఎత్తలేకపోతున్నడు’ అని చెప్పండి.