హంసలదీవి వెళ్లే ముందు

కృష్ణా నది సముద్రంలో కలిసే చోటు హంసలదీవి. విజయవాడ నుంచి పొద్దున్నే బయల్దేరండి. పెట్రోలు, తాగునీళ్లు, టిఫిన్ అవనిగడ్డలోనే చూసుకోండి.

- వేణుగోపాలస్వామి గుడి పక్కనే సముద్రం ఉండదు. పాలకాయతిప్ప తీరం ఇంకా కొన్ని కిలోమీటర్లు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. కారు ఇసుకలోకి దించొద్దు.

- కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట నీళ్లు పైకి నెమ్మదిగా కనిపించినా అడుగున లాగేస్తాయి. ఈత వచ్చినా దిగొద్దు. పిల్లల చెయ్యి అస్సలు వదలొద్దు.

- జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు ఈ తీరంలో రాత్రిపూట గుడ్లు పెడతాయి. టార్చి వెలుగు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోవచ్చు, పాపం. ఇసుకలో ట్రాక్టర్ చక్రం జాడలాంటిది కనిపిస్తే అది తాబేలు పాకిన జాడ కావచ్చు, అటు తొక్కకండి.

- తుఫాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానేయండి. 1977 నవంబరు 19 ఉప్పెనలో హంసలదీవి ఉన్న ఈ దివిసీమ వేలమందిని పోగొట్టుకుంది. అక్కడి జాలర్లు వద్దంటే వాదించకుండా వెనక్కి వచ్చేయండి.