సొంతంగా కంప్యూటర్ బిగించుకుంటే డబ్బు మిగులుతుందా? కొనే ముందు లెక్క ఇలా వేయండి

నల్గొండలో డిగ్రీ చదివే పిల్లలైనా, మిర్యాలగూడలో జిరాక్స్ సెంటర్ నడిపేవాళ్లైనా, సిస్టమ్ కొనాలనుకోగానే ఎవరో ఒకరు చెప్పే మాట ఒకటుంది: "బ్రాండెడ్ ఎందుకన్నా, పార్టులు తెచ్చి బిగించుకుంటే సగం ధరకే వస్తది." ఒకప్పుడు ఆ మాటలో నిజం ఉండేది. ఇప్పుడు టైపింగ్, ఆన్‌లైన్ దరఖాస్తుల లాంటి పనికైతే మిగిలేది తక్కువే. ఒక్కోసారి చేతి నుంచే అదనంగా పెట్టాల్సి వస్తుంది. గేములు, వీడియో ఎడిటింగ్ అయితే మాత్రం బాగానే మిగులుతుంది. మీ సంగతి ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవాలంటే షాపుకు వెళ్లకముందే కాగితం మీద లెక్క వేయాలి.

1. ముందు పని రాయండి, తర్వాత పార్టులు

టైపింగ్, ట్యాలీ, ఆన్‌లైన్ క్లాసులు, యూట్యూబ్ వరకైతే గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మను తయారుచేసే విడి కార్డు) అక్కర్లేదు. గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ చాలు: ఇంటెల్ ఐ3-12100, ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ లాంటివి. ఇక్కడ పేరు చివరి అక్షరం చూసుకోవాలి. ఐ3-12100ఎఫ్‌లో గ్రాఫిక్స్ ఉండదు. 'జీ' లేని 5600లోనూ ఉండదు. కొటేషన్‌లో ధర తగ్గించి చూపించాలంటే ఈ ఒక్క అక్షరం మారిస్తే చాలు. తీరా ఇంటికొచ్చాక మానిటర్‌లో బొమ్మ రాదు, కార్డు విడిగా కొనాల్సి వస్తుంది.

16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే మామూలు పనులకు నాలుగైదేళ్లు ఢోకా ఉండదు. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియోలు చేసే స్టూడియో వాళ్లకు 32 జీబీ, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు కావాలి.

2. రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టండి

ఎడమ వైపు బ్రాండెడ్ డెస్క్‌టాప్ ధర రాయండి. కుడి వైపు ప్రాసెసర్, మదర్ బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ (పార్టులకు కరెంటు అందించే డబ్బా), మానిటర్, కీబోర్డు, మౌస్ ఒక్కొక్కటిగా వేయండి. ఇక్కడిదాకా కుడి వైపే తక్కువగా కనిపిస్తుంది, అందరూ ఇక్కడే ఆగిపోతారు. ఇంకా రాయాల్సినవి ఉన్నాయి.

మొదటిది విండోస్. బ్రాండెడ్ మెషిన్‌లో అది సాధారణంగా వేసే ఉంటుంది. కంపెనీ లక్షల లైసెన్సులు ఒకేసారి కొంటుంది కాబట్టి దానికి చౌకగా పడుతుంది. విడిగా కొంటే అసలైన విండోస్ 11 హోమ్‌కు పది వేల చుట్టుపక్కల పెట్టాలి. "అది నేను వేసిస్తా అన్నా" అని షాపులో అంటే, అది లైసెన్సు ఉన్నదా, దొంగదా అని అప్పుడే అడగండి. విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు చాలనుకుంటే ఈ ఖర్చు కొట్టేయొచ్చు. అందులో తెలుగు టైపింగ్ వస్తుంది, వర్డ్, ఎక్సెల్ లాంటి పనులకు లిబ్రె ఆఫీస్ ఉచితం. ట్యాలీ కావాలంటే మాత్రం విండోస్ తప్పదు.

రెండోది వారంటీ. బ్రాండెడ్‌కు చాలావరకు ఇంటికొచ్చి చూసే సర్వీసు ఉంటుంది, ఫోన్ చేస్తే మనిషి వస్తాడు. విడి పార్టులకు వారంటీ ఎక్కువే: డబ్బాతో వచ్చే ప్రాసెసర్‌కు 3 ఏళ్లు, మంచి ఎస్‌ఎస్‌డీకి 3 నుంచి 5 ఏళ్లు. అయితే పార్టు పాడైందని పట్టుకోవాల్సింది మీరే, దాన్ని పంపాల్సిందీ మీరే. ఆ సర్వీస్ సెంటర్ ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉంటుంది. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా ఒక వైపుకే సుమారు వంద కిలోమీటర్ల దారి. రెండు సార్లు తిరిగితే ఒక రోజు కూలి, బస్ చార్జీలు పోతాయి. ఆ డబ్బునూ కుడి వైపే వేయండి.

ఈ లెక్కతో టైపింగ్ మెషిన్ దగ్గర రెండు వైపులూ దాదాపు సమానమవుతాయి. గ్రాఫిక్స్ కార్డున్న మెషిన్ దగ్గర అలా కాదు. 'గేమింగ్' అని పేరు పెట్టగానే బ్రాండెడ్ ధర ఎగబాకుతుంది. పైగా లోపల ఒకటే ర్యామ్ కడ్డీ, బొటాబొటి ఎస్‌ఎంపీఎస్ పెట్టి ఇస్తారు. అక్కడ సొంతంగా బిగించుకునేవాళ్లకే లాభం.

మూడో దారీ ఉంది: ఆఫీసుల నుంచి తీసేసిన పాత డెస్క్‌టాప్‌లు. టైపింగ్‌కే అయితే ధరలో వీటి ముందు కొత్తవేవీ నిలబడవు. ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతిది ఉన్నదే తీసుకోండి, అంతకంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

3. బిల్లు దగ్గర మెత్తబడొద్దు

కంప్యూటర్‌కైనా విడి పార్టులకైనా జీఎస్టీ 18 శాతం. "బిల్లు వద్దంటే రెండు వేలు తగ్గిస్తా" అనే మాట వినిపిస్తే కాగితం తీయండి. పన్నుతో కలిపి 40,000 అయితే అందులో పన్ను సుమారు 6,100. మీకు దక్కేది రెండు వేలు, మిగతాది ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. దాంతో పాటు వారంటీ కూడా పోతుంది. జీఎస్టీ నంబర్ ఉన్న వ్యాపారులైతే షాపు పేరు మీదే బిల్లు రాయించుకోండి, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే ఇక్కడ కట్టిన పన్నును మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు.

4. ఎక్కడ కొనాలి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. నాలుగు షాపుల్లో ఒకే చీటీ చూపించి ధర అడగొచ్చు, అదే దాని గొప్ప. ఆన్‌లైన్ ధర ఫోన్‌లో తెరిచి పెట్టుకుని వెళ్లండి. మన ఊళ్లోని షాపు వెయ్యో రెండు వేలో ఎక్కువ చెప్పినా, తనే పార్టు మార్చి తెచ్చిస్తానంటే నేను ఊరి షాపుకే ఓటేస్తాను.

నెలకో పార్టు చొప్పున పోగేయడం మాత్రం వద్దు. మొదట కొన్న బోర్డు చెడ్డదని చివరి పార్టు వచ్చాకే తెలుస్తుంది, అప్పటికి మార్పిడి గడువు దాటిపోతుంది. ర్యామ్ విషయంలో ఇంకో టెన్షన్ ఉంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతుండటంతో 2025 చివర్లో ధరలు విపరీతంగా పెరిగాయి. పోయిన నెల కొటేషన్ పట్టుకుని పోతే లాభం లేదు.

5. ఎస్‌ఎంపీఎస్ దగ్గర పిసినారితనం వద్దు

బోరు మోటార్లు ఆన్ చేయగానే లైట్లు మసకబారే ఊళ్లు మనవి. వేసవిలో 44 డిగ్రీలు మామూలే. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని రాసి ఉన్నా నమ్మకండి, '80 ప్లస్ బ్రాంజ్' ముద్ర (కరెంటు వృథా తక్కువని పరీక్షించి వేసేది) ఉన్నది విడిగా తీసుకోండి. క్యాబినెట్ ముందు వైపు జాలీ, దుమ్ము ఫిల్టర్ ఉండాలి. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది.

ఎర్తింగ్ కూడా చూసుకోండి. క్యాబినెట్ మీద చెయ్యి పెడితే సన్నగా జుమ్మంటోందంటే ప్లగ్గు మూడో రంధ్రానికి ఎర్త్ వైరు లేదన్నమాట. మెషిన్ మార్చినా ఆ జుమ్ము పోదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

6. బిగించడం

స్టార్ స్క్రూడ్రైవర్, పెద్ద బల్ల, తీరికైన మధ్యాహ్నం ఉంటే చాలు. ముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకోండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది.

బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసర్ వేయండి. ప్రాసెసర్ మూలన ఉన్న చిన్న త్రికోణం గుర్తు సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) మీది గుర్తుతో కలవాలి. అది తన బరువుకే కూర్చోవాలి, నొక్కాల్సి వస్తోందంటే తప్పు దిక్కున పెట్టారన్నమాట. తర్వాత లివర్ దించండి. ఇంటెల్ బోర్డులో లివర్ గట్టిగా ఉంటుంది, కిర్రుమంటుంది, కంగారు పడొద్దు.

ర్యామ్ కడ్డీలు రెండైతే, నాలుగు స్లాట్లున్న చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో వేయాలి. టక్కున శబ్దం వచ్చేదాకా నొక్కండి. ప్రాసెసర్‌తో వచ్చే కూలర్ అడుగున పేస్టు పూసే ఉంటుంది, వేలితో తాకకండి. నాలుగు మూలలూ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించాలి. ఫ్యాన్ వైరు 'సీపీయూ ఫ్యాన్' అని రాసిన చోట గుచ్చండి.

క్యాబినెట్‌లోకి ఎక్కించకముందే పరీక్షించండి. ఎస్‌ఎంపీఎస్ నుంచి 24 పిన్నుల వైరు, ప్రాసెసర్ పక్కన 8 పిన్నుల వైరు రెండూ పెట్టాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఈ రెండోదే: ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. బోర్డు మీది 'పవర్ స్విచ్' పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపితే మెషిన్ లేస్తుంది. బొమ్మ వస్తే ఆపేసి, ప్లగ్గు పీకి, లోపల బిగించండి. వైర్లు గుచ్చే రంధ్రాలుండే వెనక రేకును బోర్డు కంటే ముందు పెట్టాలి. ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లు (బోర్డును ఎత్తిపట్టే చిన్న కాళ్లు) బోర్డు రంధ్రాల కింద మాత్రమే ఉండాలి, అదనంగా ఒకటున్నా షార్ట్ కావొచ్చు. గ్రాఫిక్స్ కార్డు వేస్తే మానిటర్ వైరు కార్డుకే పెట్టండి.

7. అసలు మిగులు తర్వాత వస్తుంది

నాలుగేళ్లకు ఎస్‌ఎంపీఎస్ పోయిందనుకోండి. సొంతంగా బిగించినదానికి ఏ షాపులోనైనా దొరికేదే సరిపోతుంది. చాలా బ్రాండెడ్ మెషిన్లలో దాని ఆకారం, కనెక్టర్ వేరు, ఆ కంపెనీదే వెతకాలి. ప్రాసెసర్ మార్పుదీ అదే కథ. తన ఏఎం5 అనే రకం సాకెట్‌కు 2027 దాకా, ఆ పైన కూడా కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ చెప్పింది. అంటే బోర్డు ఉంచుకుని ప్రాసెసర్ ఒక్కటే మార్చే వీలుంటుంది.

అందుకే డబ్బాలు చెత్తలో వేయకండి. సీరియల్ నంబర్లు, బిల్లులు ఫొటో తీసి పెట్టుకోండి, థర్మల్ కాగితం బిల్లు అయితే ఏడాదికే అక్షరాలు చెరిగిపోతాయి. ఇంటెల్ బోర్డు సాకెట్ మీద వచ్చిన చిన్న నల్ల ప్లాస్టిక్ మూత కూడా ఆ డబ్బాలోనే వేయండి. వారంటీకి పంపేటప్పుడు అది లేకపోతే బోర్డు వెనక్కి కొట్టే అవకాశం ఉంది.