కార్యాలయంలో ‘గారు’: పిలుపులోనూ లేఖలోనూ పాటించవలసిన మర్యాద

కార్యాలయంలో ఒకరిని ఎలా సంబోధించాలన్న సందేహం కలిగినప్పుడు, పేరుకు గానీ హోదాకు గానీ ‘గారు’ చేర్చి ‘మీరు’ అనడం ఎన్నడూ తప్పు కాదు. ఈ మాటకు స్త్రీపురుష భేదం లేదు కనుక, ‘శ్రీమతి’ అనాలో ‘కుమారి’ అనాలో తెలియనప్పుడు వివాహం సంగతి ఆరా తీయకుండా, ఆ రెండూ మాని పేరు చివర ‘గారు’ ఉంచితే చాలు.

అయితే పిలుపుకు తగినట్టు క్రియ కూడా ఉండాలి. “సార్ చెప్పారు, మేడమ్ చెప్పింది” అనడం మనకు ఎంతగా అలవాటైపోయిందంటే, ఒకే హోదాలో ఉన్న ఇద్దరిలో ఒకరికి గౌరవవాచకం వాడి, మరొకరికి మానేస్తున్నామన్న సంగతే స్ఫురించదు. ఎదుట ఉన్నప్పుడు “మీరు చెప్పండి” అని, గది దాటగానే “ఆమె చెప్పింది” అనడం మర్యాద కాదు. “మేడమ్ చెప్పారు”, “ఆవిడ వచ్చారు” అనాలి. అన్నిటికన్నా ముందు దిద్దుకోవలసింది ఇదేనని నా నమ్మకం. అటెండరునూ, పారిశుద్ధ్య కార్మికురాలినీ, వయసులో చిన్నవారైన కొత్త ఉద్యోగినీ కూడా ‘మీరు’ అనే పిలవాలి. ‘అన్నా’, ‘అక్కా’ అన్న పిలుపులు ఆత్మీయమైనవే అయినా, సమావేశాల్లో హోదాతో పిలవడమే ఉచితం.

అర్జీని పేరుతో కాక హోదాతో, అంటే ‘తహసీల్దారు గారికి’ అని రాయడం మేలు. అధికారి బదిలీ అయినా అది ఆ స్థానానికే చేరుతుంది. చదివేది ఎవరో తెలియకపోతే ‘అయ్యా/అమ్మా’ అని మొదలుపెట్టవచ్చు.

విశేషణాలు గుప్పించనక్కరలేదు. 2012లో అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీయే దేశీయ కార్యక్రమాల్లో తనను ‘మహామహిమ్’ అనవద్దని సూచించారు. ‘గౌరవనీయులైన’ అని ఒక్కసారి రాస్తే ఎంతటి పదవికైనా సరిపోతుంది. రాజ్యాంగంలోని 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. పద్మ పురస్కారాలు బిరుదులు కావని, వాటిని పేరుకు ముందు గానీ వెనుక గానీ చేర్చరాదని సుప్రీంకోర్టు 1995లో స్పష్టం చేసింది. కనుక ఆహ్వానపత్రంలో ‘పద్మశ్రీ’ని పేరుకు తగిలించకుండా, పరిచయ వాక్యంలో “పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు” అని రాయాలి.

లేఖ చివర ‘భవదీయుడు’ లేదా ‘భవదీయురాలు’ అని రాసి, కింద మన పేరూ హోదా మాత్రమే ఉంచాలి. సొంత పేరుకు ‘శ్రీ’ గానీ ‘గారు’ గానీ చేర్చుకోకూడదు.