ధారగా కారే రక్తాన్ని చేత్తో ఆపడం ఎలా?

అంబులెన్సులో 17 ఏళ్లు పనిచేసి, అందులో సగం కాలం కొత్తగా చేరే టెక్నీషియన్లకు శిక్షణ కూడా ఇచ్చిన నాకు అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపించిన పొరపాటు ఒక్కటే. గాయం మీద గుడ్డల కుప్ప వేస్తారు, దాని మీద అరచెయ్యి ఆనిస్తారు, ఆగిందో లేదో చూద్దామని నిమిషానికొకసారి ఎత్తి చూస్తారు. చదువుకున్నవారూ ఇదే చేస్తారు, శిక్షణ పూర్తిచేసి వచ్చినవారిలో కొందరు కూడా మొదటి నెలలో ఇదే చేస్తారు. రక్తాన్ని ఆపే పని అత్యవసర వైద్యంలో మొదటి పాఠం, పెద్ద పరికరమేదీ అక్కర్లేని పాఠం, అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

పెద్దవాళ్ల ఒంట్లో కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున రక్తం ఉంటుంది. అంటే 60 కిలోల మనిషికి నాలుగు లీటర్లకు కాస్త పైన. అందులో 15 శాతం వరకు పోయినా బయటికి పెద్దగా తెలియదు. అంతకు మించితే నాడి వేగం పెరుగుతుంది, 30 శాతం దాటితే బీపీ పడిపోతుంది, 40 శాతం దాటితే ప్రాణం మీదికి వస్తుంది. తొడలోని పెద్ద ధమని పూర్తిగా తెగిపోతే ఈ మెట్లన్నీ దిగిపోవడానికి కొద్ది నిమిషాలే చాలు. పది కిలోల పిల్లవాడి ఒంట్లో ఉండే రక్తం మొత్తం లీటరు కూడా ఉండదు కాబట్టి, పెద్దవాళ్లకు లెక్కలోకి రాని గ్లాసెడు రక్తం ఆ వయసుకు చాలా ఎక్కువ. ప్రమాద గాయాల శిక్షణలో ఇప్పుడు శ్వాసమార్గం కన్నా ముందు భారీ రక్తస్రావాన్ని చూడమని చెప్పడానికి కారణం ఇదే.

దగ్గర ఉండవలసినవి

చేతి తొడుగులు, లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ కవరు. గాజ్ చుట్టలు రెండు, క్రేప్ బ్యాండేజీ ఒకటి, కత్తెర, చెరగని పెన్ను. గాజ్ లేని ఇంట్లో ఉతికి ఆరేసిన పాత నేత పంచెను మించింది లేదు. టర్కీ టవలు వాడకూడదు, అది రక్తాన్ని పీల్చుకుంటుందే తప్ప మన వేలి ఒత్తిడిని లోపలికి పంపదు. దూదిని నేరుగా గాయం మీద పెట్టకూడదు, దాని పోగులు లోపల అంటుకుపోతాయి.

మొదటి నిమిషం

మీకు ప్రమాదం లేదని చూసుకోండి. రోడ్డు మీదైతే వాహనాలు ఆపించండి, యంత్రం దగ్గరైతే కరెంటు తీయించండి. గాయపడిన మనిషిని ఉన్నచోటే నేల మీద పడుకోబెట్టండి. ఒకరిని పేరు పెట్టి పిలిచి 108కి ఫోన్ చేయమని చెప్పండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ గురించి తెలియనివారు మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు దాదాపు లేరు, అయినా ప్రమాదస్థలంలో పదిమంది చేరి ఒక్కరూ ఫోన్ చేయని సందర్భాలు నేను చూశాను. ‘ఎవరైనా చేయండి’ అంటే ఎవరూ చేయరు. మీరొక్కరే ఉంటే ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి నేల మీద ఉంచి మాట్లాడండి, చేతులను గాయం దగ్గరే ఉంచండి.

పోలీసు కేసు భయంతో వెనక్కి తగ్గవద్దు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షను, మంచి మనసుతో సహాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. మీకు ఇష్టం లేకపోతే పేరు చెప్పనవసరం లేదు.

నొక్కడం

అసలు పని ఇక్కడుంది. ముందుగా దుస్తులు కత్తిరించి గాయాన్ని కళ్లతో చూడాలి. చాలామందికి ఇదే కష్టం, ఎందుకంటే రక్తం చూడలేక వెంటనే ఏదో ఒకటి కప్పేయాలనిపిస్తుంది. గాయం ఎంత పొడవున్నా రక్తం సాధారణంగా దాని అంతటి నుంచీ రాదు. ఒక మూల నుంచో, అడుగున ఒక చోటు నుంచో వస్తుంది, మిగతా చోట్ల కనిపించేది అక్కడి నుంచి పారి నిండిన రక్తం. ఒక చేత్తో గుడ్డ పెట్టి ఒకసారి తుడిచి, అది తీసిన మరుక్షణం ముందుగా ఎక్కడ ఎర్రగా ఊరిందో చూడండి. ఆ చోటే మీకు కావాలి.

ఒక రాత్రి, అద్దం తలుపు పగిలి ముంజేయి కోసుకుపోయిన ఒక యువకుడి ఇంటికి వెళ్లాము. చేతికి మూడు టవళ్లు, వాటి మీద ఒక దుప్పటి చుట్టి ఉన్నాయి. దుప్పటి కొస నుంచి చుక్కలు గచ్చు మీద పడుతూనే ఉన్నాయి. వాళ్ల అమ్మగారు రెండు చేతులతో ఆ మూటను గట్టిగా పట్టుకుని ఉన్నారు, ఆవిడ వేళ్లు తెల్లబడిపోయాయి. అన్నీ విప్పి చూస్తే గాయం నా బొటనవేలంత పొడవే ఉంది. మణికట్టు వైపు మూల నుంచి మాత్రం రక్తం గుండె కొట్టుకునే లయలో ఎగజిమ్ముతోంది. గాజ్ మడత పెట్టి, దాని మీద రెండు వేళ్లు ఉంచి, అడుగున ఉన్న ఎముక మీదికి అదిమాను. ఆగిపోయింది. ‘ఇంతేనా బాబూ?’ అన్నారావిడ. ‘ఇంతేనమ్మా. కానీ నేనిప్పుడు వేలు తీయకూడదు, ఆ చుట్ట విప్పి మీరు నాకు అందించండి’ అన్నాను. ఆవిడ పెట్టిన బలం నా బలం కన్నా తక్కువేమీ కాదు. ఆ బలమంతా నాలుగు పొరల గుడ్డలో, చేతి చుట్టూతా పంచుకుపోయింది, తెగిన రక్తనాళం మీద పడలేదు.

కాబట్టి అరచేత్తో కాదు, వేళ్ల కొసలతో నొక్కాలి. ఒక చెయ్యి మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా వేళ్ల మీదికి దించాలి. చేతి కండరాల బలంతో నొక్కేవారు రెండు నిమిషాల్లో అలసిపోతారు, అలసిన సంగతి వాళ్లకే తెలియకుండా పట్టు సడలుతుంది. మోకాళ్ల మీద కూర్చుని, భుజాలు గాయానికి సరిగ్గా పైన ఉండేలా సర్దుకుంటే పది నిమిషాలు కష్టం కాదు.

ఆ పది నిమిషాల్లో ఎత్తి చూడకూడదు. గడియారం చూసి పది నిమిషాలు లెక్కపెట్టండి, అంచనాతో వద్దు, ఎందుకంటే ఆ స్థితిలో రెండు నిమిషాలే పదిలా అనిపిస్తాయి. రక్తం ఆగడమంటే ముందు తెగిన చోట చిన్న కణాలు గుంపుగా చేరి అతుక్కోవడం, ఆ తర్వాత వాటి మీద సన్నని పోగులు వల అల్లినట్టు పేరుకోవడం. మీరు గుడ్డ ఎత్తినప్పుడల్లా ఆ వల గుడ్డతోపాటే ఊడి వస్తుంది, పని మళ్లీ మొదటికి వస్తుంది. పక్కన నిలబడినవారు ‘ఆగిందా, ఒకసారి తీసి చూడండి’ అని తప్పకుండా అంటారు. వారి మాట వినవద్దు.

గాయం లోతుగా ఉండి, ముఖ్యంగా గజ్జల్లోనో చంకలోనో అయితే పైనుంచి నొక్కితే చాలదు. గాజ్ చుట్ట కొసను చూపుడువేలితో రక్తం ఊరుతున్న చోటు దాకా లోపలికి తోసి, ఆ వేలు తీయకుండానే రెండో చేతి వేలితో తర్వాతి మడతను కూరి, గాయం నిండి పైకి ఉబ్బెత్తుగా వచ్చేదాకా అలాగే నింపి, ఆ పైన నొక్కాలి. గాయపడినవారు నొప్పితో కేకలు వేస్తారు, చూస్తున్నవారు మీ చెయ్యి లాగబోతారు. ‘కొంచెం ఓర్చుకో తమ్ముడూ’ అని చెబుతూ పని పూర్తిచేయాలి, సగం నింపి వదిలేస్తే ఏమీ చేయనట్టే. ఛాతీలోకి, పొట్టలోకి దిగిన గాయాలను మాత్రం ఇలా నింపకూడదు. ఆ రక్తం బయట నుంచి ఆగేది కాదు, వారిని త్వరగా ఆపరేషన్ థియేటరు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. మెడ మీద గాయమైతే తెగిన వైపు మాత్రమే నొక్కాలి, మెడ చుట్టూ కట్టు కట్టకూడదు. తలకు దెబ్బ తగిలి, నొక్కితే ఎముక లోపలికి దిగుతున్నట్టు మెత్తగా తగిలితే అక్కడ నొక్కకుండా మెత్తని గుడ్డ కప్పండి. గుచ్చుకున్న చువ్వనో గాజు పెంకునో పీకకండి, దాని రెండు పక్కలా నొక్కండి.

గుడ్డ తడిసిపోతే దాని మీద ఇంకొకటి, ఒక్కటి మాత్రమే వేయండి. అదీ తడిస్తే మీ వేలు సరైన చోట లేదని అర్థం. అప్పుడు ఒక్కసారికి అన్నీ తీసి, తుడిచి, చోటు వెతికి మళ్లీ మొదలుపెట్టాలి. మూడో గుడ్డ, నాలుగో గుడ్డ వేసుకుంటూ పోవడం రక్తాన్ని దాచడమే.

పసుపు, కాఫీ పొడి, సున్నం, కొన్ని ఊళ్లలో బీడీ కాగితం, ఇవేవీ వద్దు. పెద్దవాళ్లు ప్రేమతోనే తెస్తారని నాకు తెలుసు. చిన్న గీత మీద పసుపు వేస్తే ఆగినట్టు కనిపిస్తుంది కానీ, అది పసుపు లేకపోయినా ఆగేదే. ధార కారే గాయంలో ఆ పొడి తెగిన చోటును మన కంటికి కనిపించకుండా చేస్తుంది, తర్వాత కుట్లు వేసే డాక్టరు దాన్నంతా గోకి కడగవలసి వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవారు ఎక్కువ కాబట్టి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. డయాలసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళం చిట్లితే రక్తం చాలా వేగంగా వస్తుంది, కానీ రంధ్రం సూది మొనంతే ఉంటుంది. అక్కడ చిన్న గాజ్ మడత మీద ఒక్క వేలు కొసతో నొక్కితే నిలుస్తుంది, పెద్ద టవలు చుడితే నిలవదు. ఇంట్లోవాళ్లందరూ దీన్ని ముందే నేర్చుకోవాలి.

కట్టు, ఆ తర్వాత

నిలిచాక కింది గుడ్డ తీయకుండా దాని మీదే క్రేప్ బ్యాండేజీ బిగించండి. వేళ్ల కొసలు చల్లబడి నీలం తిరిగితే కాస్త వదులు చేయండి.

చేతికో కాలికో తగిలిన గాయం సరైన చోట నొక్కినా ఆగకపోతే, లేదా అవయవమే తెగిపోతే, అప్పుడు బిగింపు కట్టు వేయాలి. గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్లు పైన, కీలు మీద కాకుండా, నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పుకు మడిచిన గుడ్డ చుట్టి, ముడిలో గట్టి కర్ర పెట్టి రక్తం ఆగేదాకా మెలితిప్పాలి. తాడు, వైరు వాడితే కండ కోసుకుపోతుంది. సగం బిగిస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే లోపలికి వెళ్లే రక్తం వెళుతూనే ఉంటుంది, తిరిగి వచ్చేది మాత్రం ఆగిపోయి గాయం నుంచే కారుతుంది. కట్టిన సమయం నుదుటి మీద పెన్నుతో రాయండి, ఆసుపత్రి చేరేదాకా విప్పకండి. నొప్పి తీవ్రంగా ఉంటుంది, అది సహజం. కొందరు శిక్షకులు మొదట ఇదే కట్టమంటారు, యుద్ధభూమిలో అది సబబు. మన ఇళ్లలో, రోడ్ల మీద జరిగే గాయాల్లో ఎక్కువ భాగం రెండు వేళ్లకే లొంగుతాయి కాబట్టి ముందు వేళ్లు, తర్వాతే కర్ర. పాము కాటుకు మాత్రం ఈ కట్టు ఎప్పుడూ కట్టకూడదు. అది వేరే సమస్య, దానికి కావలసింది కాలో చెయ్యో కదలకుండా ఆసుపత్రికి చేర్చడం.

మనిషికి దుప్పటి కప్పండి, కింద కూడా ఒకటి పరవండి. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది, మన ఎండాకాలంలో కూడా రక్తం పోయిన మనిషి చల్లబడతాడు. మంచినీళ్లు తాగించకండి, ఆపరేషన్‌కు మత్తు ఇవ్వవలసి రావచ్చు. తెగిపోయిన వేలు దొరికితే తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసు కలిపిన నీళ్లలో ఉంచండి. ఐసు మీద నేరుగా పెడితే కణజాలం చచ్చిపోతుంది.

అంబులెన్సు వచ్చాక మూడు సంగతులు చెప్పండి. గాయం ఎన్నింటికి తగిలింది, ఎన్నింటి నుంచి నొక్కుతున్నారు, రక్తం పలచబడే మందులేమైనా ఆయన వాడుతున్నారా. మేము మా చెయ్యి మీ వేళ్ల పక్కనే పెట్టి, ‘ఇక తీయండి’ అని చెప్పేవరకు మీ వేళ్లు అక్కడే ఉండాలి.